వెనక్కి నడిచే ఫోల్డరు

ఆదివారం పొద్దున్నే డిగ్రీ తలస్నానం చేసి, అమ్మ ఇస్త్రీ చేసి ఇచ్చిన చొక్కా తొడుక్కుని, పాపిడి తీసుకుని కంప్యూటరు ముందు కూర్చున్నాడు. పదకొండింటికి భార్య ఫోను వస్తుంది. ఆమె ఉన్నచోట సిగ్నలు అంతంతమాత్రం, వచ్చేది గొంతే కానీ మొహం కనపడదు. కనపడని మనిషి కోసం ఇస్త్రీ చొక్కా ఎందుకని ఎవరైనా అడగచ్చు. అమ్మ మాత్రం అడగలేదు. అడక్కుండానే ప్రతి ఆదివారం ఇస్త్రీ చేసి పెడుతోంది.

డిగ్రీ అన్నది అతని పేరు కాదు. వాళ్ళ వంశంలో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి కావడంతో ముందు చుట్టాలు, తర్వాత వీధివాళ్ళు, చివరికి ఆఫీసువాళ్ళు కూడా అలాగే పిలవడం మొదలుపెట్టారు. చదివింది వృక్షశాస్త్రం. కానీ డిగ్రీ అన్నాక డిగ్రీయే కదా. మిక్సీ తిరక్కపోతే అతనికే కబురు, కుళాయి కారితే అతనికే కబురు, మేనమామకి మోకాలు పట్టేస్తే ఏ మాత్ర మింగాలో కూడా అతన్నే అడుగుతారు. "ఆకుల గురించి తప్ప నాకేం తెలీదు మావయ్యా" అంటే, "చూశారా, చదువుకున్నవాడికి ఎంత వినయమో!" అని మురిసిపోతారు.

అతను నీళ్ళ సరఫరా ఆఫీసులో గుమాస్తా. భార్య పాల డెయిరీలో పరీక్షలు చేసే ఉద్యోగి. పాలలో నీళ్ళు కలిశాయో లేదో కనిపెట్టడం ఆమె పని. "ఒకరు నీళ్ళు వదిలేవాళ్ళు, ఒకరు పట్టుకునేవాళ్ళు, కాపురం ఎలా సాగుతుందో!" అని పెళ్ళిలో అందరూ నవ్వారు. బాగానే సాగింది. కిందటేడు డెయిరీవాళ్ళు ఎక్కడో దూరాన కొత్త కేంద్రం తెరిచి, దాన్ని ఒక దారిలో పెట్టి రమ్మని ఆమెను ఏడాదికని పంపారు.

వెళ్ళేముందు ఇద్దరూ కలిసి ఒక ఏర్పాటు చేసుకున్నారు. పెళ్ళైనప్పటి నుంచి తీసుకున్న ఫొటోలన్నీ ఒక ఫోల్డరులో వేసి, వరసగా నంబర్లు ఇచ్చి, దానికి 'మనవి' అని పేరు పెట్టారు. ఒక కాపీ ఇంట్లో కంప్యూటరులో ఉంది, ఇంకొకటి ఆమె ల్యాప్‌టాప్‌లో వెళ్ళింది. ప్రతి ఆదివారం ఆమె ఫోను చేసి ఒక నంబరు చెబుతుంది. ఇద్దరూ ఆ ఫొటో తెరుస్తారు. అక్కడామె, ఇక్కడతను, మధ్యలో ఆ ఫొటో. ఒకే కిటికీలోంచి ఇద్దరూ తొంగిచూస్తున్నట్టుండేది. ఈమధ్య ఆమె, "నువ్వే చెప్పు, నేను చూస్తూ వింటా" అంటోంది. అతను చెబుతున్నాడు. ఆఫీసులో పది మాటలు మాట్లాడని మనిషి, ఒక్క ఫొటో గురించి అరగంట చెప్పడం నేర్చుకున్నాడు.

కిందటి ఆదివారం మాత్రం ఫొటో అయిపోయాక ఆమె ఇంకో మాట అడిగింది. "ఇంకో ఏడాది ఉండమంటున్నారు. సోమవారం కాదు, పై సోమవారం ఏదో ఒక మాట చెప్పాలి. నువ్వేమంటావు?"

వచ్చెయ్ అందామనుకున్నాడు. నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఉద్యోగం చేసే మనిషి కాళ్ళకి అడ్డం పడకూడదని అతనికి గట్టి నమ్మకం. "నీ ఇష్టం. ఉద్యోగం ముఖ్యం కదా" అన్నాడు.

"అంతేనా?" అంది ఆమె. ఫోను పెట్టేసింది.

వారమంతా ఆ 'అంతేనా' అతనితో పాటు ఆఫీసుకు వెళ్ళొచ్చింది, అన్నం ముందు కూర్చుంది, దుప్పటి సగం లాక్కుంది. ఈ ఆదివారం ఎలాగైనా చెప్పెయ్యాలని నిశ్చయించుకున్నాడు. ఊరికే చెప్పడం తన వల్ల కాదు. ఫొటో ముందుంటే, దాని గురించి చెబుతూ చెబుతూ ఆ ఊపులో 'వచ్చెయ్' అనెయ్యాలి. రేపే ఆమె జవాబివ్వాల్సిన సోమవారం.

టీ గ్లాసు పక్కన పెట్టి 'మనవి' మీద రెండుసార్లు నొక్కాడు.

ఫోల్డరు తెరుచుకుంది. బొమ్మలు వరసకట్టాయి. రెప్ప వేసి తెరిచేలోపల మూసుకుపోయి, మొదటి తెర వచ్చి కూర్చుంది. మళ్ళీ నొక్కాడు. లోపలికి వెళ్ళాడు, వెనక్కి వచ్చేశాడు. గుమ్మంలో కాలు పెట్టగానే ఎవరో చొక్కా పట్టుకుని వీధిలోకి లాగేసినట్టుంది. కరెంటు బిల్లుల ఫోల్డరు తెరిచాడు. అదీ అంతే. పేరు కొట్టి వెతుకుదామని పైన ఉన్న గడిలో అక్షరం కొడితే, అక్షరం పడీపడగానే మాయమైపోయింది.

"ఏమైంది నాయనా, దానితో కుస్తీ పడుతున్నావ్?" అంది అమ్మ వంటింట్లోంచి.

"లోపలికి వెళ్తుంటే వెనక్కి పంపేస్తోందమ్మా."

"కోడలి ఫొటోలున్న దాంట్లోకా?"

"దేంట్లోకైనా అంతే."

అమ్మ చివరి మాట వినలేదు. బాల్కనీలోకి వెళ్ళి కిందికి వంగి, "అన్నయ్యగారూ! మా వాణ్ణి కోడలి ఫొటోలు చూడనివ్వట్లేదండీ!" అని కేక వేసింది.

కింది వాటాలో ఉండే ఇంటి ఓనరు రిటైరైన బస్సు డ్రైవరు. ప్రపంచంలో ప్రతి వస్తువూ బస్సు లాంటిదేనని, కొన్నిటికి చక్రాలు బయటికి కనపడవంతేనని ఆయన అభిప్రాయం. భుజాన తుండుగుడ్డతో మెట్లెక్కి వచ్చాడు.

"ఎవరు చూడనివ్వనిది? మొగుడు పెళ్ళాం ఫొటో చూసుకోడానికి ఎవడి పర్మిషన్ కావాలి?"

"మనుషులు కాదండీ, కంప్యూటరు" అని డిగ్రీ ఒకసారి తెరిచి చూపించాడు.

డ్రైవరుగారు తెరను పైనుంచి కిందిదాకా చూశాడు. "రివర్సు గేరు పడిపోయింది అబ్బాయ్."

"దీనికి గేర్లుండవండీ."

"ముందుకెళ్ళమంటే వెనక్కొచ్చేదాన్ని మీ కాలేజీలో ఏమంటారు మరి?" అంటూ సీపీయూ నెత్తిమీద ఒక్కటి చరిచాడు. టీ గ్లాసు ఒరిగిపోయింది. ఇస్త్రీ చొక్కా తడిసింది. ఫోల్డరు మాత్రం ఎప్పటిలాగే వెనక్కి నడిచింది.

"డాక్టర్ని పిలుద్దాం" అన్నాడాయన, తన వైద్యం అయిపోయినట్టు.

డాక్టరంటే వీధి చివర కంప్యూటర్లు బాగుచేసే దుకాణం అతను. బోర్డు మీద 'కంప్యూటర్ క్లినిక్' అని రాసుకున్న పాపానికి తనూ ఆ భాషే అలవాటు చేసుకున్నాడు. సంచీతో వచ్చి, కుర్చీ లాక్కుని, నాడి పట్టుకున్నట్టు మౌసు పట్టుకున్నాడు.

"ఎప్పట్నుంచి సార్ ఈ బాధ?"

"పొద్దుటి నుంచే. రాత్రి బాగానే పడుకుంది... అదే, ఆపేశాను."

"బయటివేమైనా పెట్టారా? పరాయి పెన్‌డ్రైవులు, అలాంటివి?"

"లేదు లేదు. ఇంటివే."

డాక్టరు వంగి, వెనకనుంచి కీబోర్డు తీగ పీకేశాడు. మౌసుతో 'మనవి' తెరిచాడు. తెరుచుకుంది. వెనక్కి వెళ్ళిపోయింది. అతను కుర్చీతో సహా రెండడుగులు వెనక్కి జరిగాడు.

"సార్. కీబోర్డు పీకేశాను. అయినా ఎవరో నొక్కుతున్నారు."

అమ్మ వంటింట్లోంచి వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఇది లోపలి జబ్బు కాదు" అన్నాడు డాక్టరు గొంతు తగ్గించి. "ఎవరో దూరాన్నుంచి నడిపిస్తున్నారు. దీన్ని బాగా తెలిసినవాళ్ళే. మీరు కాక ఇంకెవరు వాడేవారు సార్?"

"మా ఆవిడ. డెయిరీ రిపోర్టులన్నీ దీంట్లోనే కొట్టేది, కాళ్ళు బార్లా చాపుకుని" అన్నాడు డిగ్రీ. ఆ కాళ్ళు చాపుకునే కుర్చీ కేసి చూశాడు. దాని మీద ఇప్పుడు పాత పేపర్లున్నాయి.

డ్రైవరుగారు, డాక్టరు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అమ్మ గుండెమీద చెయ్యి వేసుకుంది. "అయితే నా కోడలే అక్కణ్ణుంచి తాళం వేసిందంటారా? ఏరా, దాన్నేమన్నా అన్నావా?"

"నేనేమీ అనలేదమ్మా."

"అదేరా నేనడిగేదీ!" అని అమ్మ తన ఫోను తీసుకుని విసురుగా వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఇదంతా పిచ్చి మాటలని డిగ్రీకి తెలుసు. కానీ మనసుకి చదువుతో పనిలేదు. 'అంతేనా' అన్న మనిషి, అంతే అయితే ఇక ఫొటోలెందుకని తలుపు మూసేసిందేమో! చూస్తుండగానే ఫోల్డరు మళ్ళీ ఒకసారి వెనక్కి వచ్చింది. ఈసారి ఎవరో చొక్కా పట్టుకుని లాగినట్టు కాదు, ఆమే భుజం మీద చెయ్యి వేసి 'ఇక చాల్లే' అని పంపేసినట్టుంది.

"ఒకసారి ఆపి వేద్దాం సార్. సగం రోగాలు నిద్రపోతే పోతాయి" అని డాక్టరు బొత్తాం నొక్కాడు.

ఆపడం బాగానే ఆగింది. లేచి కూర్చున్నాక పాస్‌వర్డ్ అడిగింది. ఇప్పటిదాకా ఇంట్లో గదిలోకే రానివ్వని కంప్యూటరు, ఇప్పుడు వీధి గుమ్మం దగ్గరే నిలబెట్టేసింది. చుక్క పడితే చుక్క పోతోంది. డాక్టరు తన సంచీలోంచి సొంత కీబోర్డు తీసి తగిలించాడు. తీగ పొట్టిది కావడంతో బల్ల వెనక నేలమీద చతికిలపడి, ఒళ్ళో పెట్టుకున్నాడు. కీబోర్డు కొత్తదే, జబ్బు మాత్రం పాతదే.

"అవతలివాడు చెరిపేలోపల మనం కొట్టెయ్యాలి సార్. నేను ఫాస్టు. పాస్‌వర్డ్ మీరు నోటితో చెప్పండి, నేను ఉరుకుతా."

డిగ్రీ చెవులు ఎర్రబడ్డాయి. "నేనే కొడతాలెండి."

"డాక్టరు దగ్గరా, ప్లీడరు దగ్గరా దాచకూడదు అబ్బాయ్" అన్నాడు డ్రైవరుగారు. "నేను కింద మెయిను చూసొస్తా, కరెంటు తేడాగా వస్తోందేమో" అని దిగి వెళ్ళాడు.

డిగ్రీ చుట్టూ చూసి, బల్ల మీదికి వంగి, గుసగుసగా చెప్పాడు.

"వినపడట్లేదు సార్! ఇక్కడ దీని ఫ్యాను మోత!"

"తొందరగా రా" అన్నాడు డిగ్రీ.

"నేనిక్కడే ఉన్నా కదా సార్. పాస్‌వర్డ్ చెప్పండి."

"అదే పాస్‌వర్డ్! ఇంగ్లీషు అక్షరాల్లో. ఖాళీ లేకుండా. తొందరగా రా!"

"పోయింది, చెరిపేశాడు! మళ్ళీ!"

"తొందరగా రా!"

"సగం పడింది సార్! గట్టిగా, ఆపకుండా!"

"తొందరగా రా! తొందరగా రా!!" అని డిగ్రీ కళ్ళు మూసుకుని అరిచాడు. ఆ మాట అతని నోట్లోంచి గట్టిగా రావడం అదే మొదటిసారి. మొదటిసారి తర్వాత అంత కష్టంగా లేదు.

చేతిలో ఫోనుతో అమ్మ పరిగెత్తుకొచ్చింది. "వస్తున్నా కదరా! కొంప మునిగినట్టు ఏమిటా కేకలు?" మెట్ల మీద ధబధబమని అడుగులు వినపడ్డాయి. మోకాలు దేనికో కొట్టుకున్న చప్పుడు, దాని వెనకే డ్రైవరుగారు. "షాకు కొట్టిందా? చెప్పు అబ్బాయ్, నీకా, డాక్టరుకా?" ఎదురింటి తలుపు కూడా తెరుచుకుంది. ఎదురింటావిడ బాల్కనీలోంచి, "ఏమన్నా సాయం కావాలా?" అని అడిగింది.

"ఏం లేదండీ, మావాడి పాస్‌వర్డుట!" అని అమ్మ, సంగతి తెలుసుకుని, ఆవిడకి కూడా వివరంగా చెప్పింది.

డాక్టరు చెమట తుడుచుకుంటూ లేచాడు. "లాభం లేదు సార్. ఫార్మాట్ కొట్టేద్దాం. మొత్తం శుభ్రమైపోతుంది, కొత్త పెళ్ళికొడుకులా లేస్తుంది."

"మరి ఫొటోలు?"

"పాతవన్నీ పోతాయి. మళ్ళీ దిగచ్చు కదా సార్."

డిగ్రీ నేలమీద కూర్చుని సీపీయూని రెండు చేతులా వాటేసుకున్నాడు. "ముట్టుకోవద్దు" అన్నాడు. "మా ఆవిడ ఉంది అందులో."

అప్పుడే ఫోను మోగింది. పదకొండు.

ముగ్గురూ అతని చుట్టూ చేరారు. పొమ్మని కళ్ళతో సైగ చేశాడు. ఎవరూ కదల్లేదు.

"ఏంటి డిగ్రీగారూ, రెడీనా?" ఆమె గొంతు ఎప్పటిలాగే ఉంది. కాదు, కొంచెం తడిగా ఉందేమో. సిగ్నలు కావచ్చు. "ఇవాళ రెండు వందల పద్నాలుగు."

పాడైందని చెబితే సరిపోయేది. కానీ ఫొటో లేదంటే మాటలు లేవు, మాటలు లేకపోతే ఊపు లేదు, ఊపు లేకపోతే 'వచ్చెయ్' లేదు. రేపు సోమవారం. "ఆఁ... తెరిచాను" అన్నాడు. ఆమె కాపురానికొచ్చాక తనతో ఆడిన మొదటి అబద్ధం.

"చెప్పు మరి. నేను చూస్తూ వింటా."

డిగ్రీ కళ్ళు మూసుకున్నాడు. రెండు వందల పద్నాలుగులో ఏముందో దేవుడికే తెలియాలి. అతనికి తెలిసింది, కళ్ళు మూస్తే ఎప్పుడూ మొదట వచ్చేది, ఒక వాన రోజు. అదే చెప్పాడు. "వాన. షట్టరు దించేసిన దుకాణం ముందు నిలబడ్డాం. నువ్వు నీలం స్వెటరు వేసుకున్నావు. చెప్పు తెగిపోతే చేతిలో పట్టుకున్నావు. నవ్వుతున్నావు."

"అవును" అంది.

డిగ్రీ కళ్ళు తెరిచాడు. సరిపోయిందే! ధైర్యం వచ్చింది. ఇంకేం చెప్పాలా అని చూస్తే డ్రైవరుగారు గాలిలో స్టీరింగు తిప్పుతున్నాడు. "వెనకాల బస్సు వెళ్తోంది" అన్నాడు డిగ్రీ.

"అవును, మనమీద నీళ్ళు చల్లేసి పోయింది."

డ్రైవరుగారి ఛాతీ ఉబ్బింది. ఈసారి వెనక చెయ్యి పెట్టి తోక ఊపినట్టు ఊపాడు.

"పక్కన... ఒక కుక్క కూడా ఉంది."

"అవును, పాపం. తడిసి ముద్దయిపోయింది."

డాక్టరు చేతులు జోడించి నిలబడ్డాడు. ఇంత నమ్మకంగా తెర చూడకుండా ఫొటో చదివే మనిషిని అతను తన సర్వీసులో చూడలేదు.

"సరే కానీ" అంది ఆమె. "నా స్వెటరు గుండీలు ఏ రంగో చెప్పు."

డిగ్రీ ముగ్గురి వైపు చూశాడు. డ్రైవరుగారు తన తెల్ల బనియను చూపించాడు. అమ్మ వంటింట్లోంచి నల్ల బాండీ తెచ్చి పైకెత్తింది. ఇద్దరూ మూగసైగలతో పోట్లాటకు దిగారు. "ఒక్క నిమిషం, పెద్దది చేసి చూస్తా" అని ఫోను బల్లమీద పెట్టి, పక్క గదిలోకి పరిగెత్తాడు.

అక్కడ ఆమె బీరువా ఉంది. ఎండ మండిపోయే ఊరికి స్వెటరు ఎందుకని అందులోనే వదిలి వెళ్ళింది. ఆమె వెళ్ళిన దగ్గర్నుంచి అతను ఆ తలుపు తియ్యలేదు. తీస్తే లోపల మిగిలిన వాసన అయిపోతుందని భయం. కొంచెం కొంచెంగా వాడుకుందామనుకుని అసలు వాడకుండానే ఉంచాడు.

ఇప్పుడు తీశాడు. సబ్బు, తలనూనె, ఎంత ఉతికినా పోని పాల వాసన... అన్నీ కలిసి ఒక్కసారిగా మొహానికి తగిలాయి. ఎందుకొచ్చాడో కాసేపు మర్చిపోయాడు.

కింది అరలో నీలం స్వెటరు మడత పెట్టి ఉంది. దాని మీద, రాజు సింహాసనం మీద కూర్చున్నట్టు, ఇస్త్రీపెట్టె ఉంది. అది రోజూ ఉండే వంటింటి గోడ బల్ల నిన్నటి నుంచి మేకు ఊడి వేలాడుతోంది. అందుకని అమ్మ పొద్దున్న చొక్కా ఇస్త్రీ చేసి, పెట్టె చల్లారాక తెచ్చి ఇక్కడ పెట్టినట్టుంది. బీరువా పవిత్రత సంగతి ఆమెకి ఎవరూ చెప్పలేదు.

ఇస్త్రీపెట్టె పైకెత్తాడు.

"పడుతోంది సార్!" అని పక్కగదిలోంచి డాక్టరు కేక. "చుక్కలు నిలబడ్డాయి! లోపలికి వెళ్ళిపోయాం! ఇప్పుడే కీబోర్డు తీగ పిన్నులో గాలి ఊదాను!"

స్వెటరు గుండీల వైపు మాత్రమే ఉంది డిగ్రీ ధ్యాస. పెట్టెను మళ్ళీ అక్కడే ఆనించి, స్వెటరు అంచు తిప్పి చూడబోయాడు.

"పోయింది సార్! మళ్ళీ వెనక్కి!"

డిగ్రీ ఆగాడు. ఇస్త్రీపెట్టె ఎత్తాడు. "వచ్చింది!" దించాడు. "పోయింది!" ఎత్తాడు. "వచ్చింది సార్, నా ఊపిరితిత్తులు తట్టుకోలేకపోతున్నాయి!"

మెల్లగా స్వెటరు విప్పాడు. మధ్యలో పసిపిల్లలా చుట్టి పెట్టిన తీగలేని కీబోర్డు. కుర్చీలో కాళ్ళు చాపుకుని, ఒళ్ళో పెట్టుకుని ఆమె రిపోర్టులు కొట్టేది దీనితోనే. 'నేను వచ్చేదాకా దీన్నెవరూ ముట్టుకోవద్దు' అని తనే చుట్టి పెట్టి వెళ్ళింది. దాని సంకేతాలు అందుకునే జత ముక్క, గోరంతది, ఇప్పటికీ సీపీయూ వెనక దుమ్ములో ఉండే ఉంటుంది. ఇస్త్రీపెట్టె మడమ సరిగ్గా ఆ మూలన, వెనక్కి పంపే, అక్షరాలు చెరిపే మీట మీద పొద్దుటి నుంచి కూర్చుని ఉంది. డాక్టరు చెప్పినదీ, అమ్మ అనుమానించినదీ ఒక రకంగా నిజమే. తలుపు మూసింది ఆమె కీబోర్డే.

స్వెటరుతో సహా దాన్ని ఎత్తుకుని వచ్చి ఫోను అందుకున్నాడు.

"గుండీలు తెల్లవి. ఒక్కటి మాత్రం నల్లది. ఊడిపోతే నా చొక్కాది కోసి కుట్టుకున్నావు. ఆ చొక్కా ఇప్పటికీ గుండీ లేకుండానే ఉంది."

"అవును" అంది ఆమె.

డిగ్రీ కుర్చీలో కూర్చుని 'మనవి' తెరిచాడు. తెరుచుకుంది. వెనక్కి వెళ్ళలేదు. రెండు వందల పద్నాలుగు మీద నొక్కాడు.

తెర నిండా అతని బొటనవేలు వచ్చింది. ఫోను కొన్న కొత్తలో కెమెరాకి అడ్డం పెట్టి తీసిన, మసకమసక బొటనవేలు. వాన లేదు. స్వెటరు లేదు. బస్సు లేదు.

ముగ్గురూ వంగి చూశారు. "కుక్క ఏదీ?" అన్నాడు డ్రైవరుగారు, మోసపోయినవాడిలా.

"ఇదిగో" అన్నాడు డిగ్రీ ఫోనులోకి. "నీకు కుక్క ఎక్కడ కనపడింది?"

అవతల నవ్వో ఏడుపో తెలియని చప్పుడు. "ల్యాప్‌టాప్ పాడైపోయి చాలా వారాలైంది."

"మరి చెప్పలేదేం?"

"చెబితే ఫొటోలన్నీ ఫోనుకి పంపించేసి, పనైపోయిందనుకునేవాడివి. నీ సంగతి నాకు తెలీదూ? ఫొటో చూడాలని కాదు నాకు. నువ్వు చెబుతుంటే వినాలని. ఏదో ఒక నంబరు పారేసి కళ్ళు మూసుకునేదాన్ని."

"అయితే ఇవాళ నేను చెప్పిందంతా..."

"పాలలో నీళ్ళు పట్టుకునేదాన్ని, మాటలో పట్టుకోలేనా? ఆ వాన రోజు మన దగ్గర కెమెరా ఎక్కడిది? ఫోను అప్పటికే తడిసి చచ్చింది. మొదటి మాటకే తెలిసిపోయింది."

"తెలిసి ఎందుకూరుకున్నావు?"

"అంత చిక్కగా ఉంటే ఎవరు పారబోస్తారు?"

ఇదే అదననుకున్నాడు డిగ్రీ. ఇప్పుడే చెప్పెయ్యాలి. అమ్మ కళ్ళు పెద్దవి చేసి 'చెప్పు చెప్పు' అంటోంది. డ్రైవరుగారు ఫస్టు గేరు వేస్తున్నాడు. "అదే... రేపు సోమవారం కదా..." అన్నాడు. "ఆలోచించాను. ఏంటంటే... నీ..."

'ఇష్టం' అన్న మాట అలవాటు కొద్దీ గొంతు దాకా వచ్చేసింది. అమ్మ నెత్తి కొట్టుకుంది.

"వద్దులే, కష్టపడకు" అంది ఆమె. "ఇందాకే మా ఆఫీసరుకి ఫోను చేసి పొడిగింపు వద్దని చెప్పేశాను. వచ్చే నెలే వచ్చేస్తున్నా."

"ఎందుకు?"

"ఎందుకేమిటి! పొద్దున్న అత్తయ్య ఫోను చేసి, తాళం తియ్యమ్మా తాళం తియ్యమ్మా అంటోంది. ఏ తాళమో అర్థం కాక నేను చస్తుంటే, వెనకనుంచి నీ గొంతు. తొందరగా రా, తొందరగా రా అని వీధి దద్దరిల్లేలా. నాతో ఎప్పుడూ అనని మనిషి అలా అరుస్తుంటే రాకుండా ఎలా ఉంటాను?"

డిగ్రీ తెరను చూశాడు. బొటనవేలు చూశాడు. ఊరుకుంటే సరిపోయేది. అమ్మ, డ్రైవరుగారు, డాక్టరు ముగ్గురూ ఒకేసారి చేతులూపి ఊరుకోమన్నారు కూడా. కానీ ఇవాళ్టి కోటా అబద్ధం అప్పటికే అయిపోయింది.

"అది నిన్ను పిలిచింది కాదు" అన్నాడు తల వంచుకుని. "పాస్‌వర్డ్. డాక్టరుకి చెబుతున్నా."

డ్రైవరుగారు తుండుగుడ్డతో మొహం కప్పుకున్నాడు.

"పాస్‌వర్డా?" అంది ఆమె. "అది ఎప్పట్నుంచి?"

"నువ్వు బస్సెక్కిన రోజు ఇంటికొచ్చి మార్చాను. రోజూ కొడుతున్నా."

సిగ్నలు పోలేదు. ఆమె ఊపిరి వినపడుతూనే ఉంది. అతను నీలం స్వెటరు ఒళ్ళో పెట్టుకుని, నల్ల గుండీని బొటనవేలితో అటూ ఇటూ తిప్పుతూ విన్నాడు.

"సరే" అంది చివరికి. "వచ్చే నెల కాదు. సెలవు పెట్టి ఈ శనివారమే వస్తున్నా. ఆ నంబరు ఫొటో మాత్రం చెరిపెయ్యకు. వచ్చి చూస్తాను, అంత గొప్ప కుక్కని."

అమ్మ ముక్కు చీదుకుంటూ వెళ్ళి అందరికీ టీ పెట్టింది. డ్రైవరుగారు వెళ్తూ వెళ్తూ, రివర్సు గేరని తను ముందే చెప్పానని మూడోసారి గుర్తు చేశాడు. డాక్టరు సంచీ సర్దుకుని, గుమ్మం దాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కి వచ్చి, ఎంతో బాధ్యతగా ఒక సలహా ఇచ్చాడు.

"ఆ పాస్‌వర్డ్ మాత్రం మార్చెయ్యండి సార్, వీధి మొత్తానికి తెలిసిపోయింది."